ఆలస్యం ఎక్కడిది? ఒక 486, రెండు మోడెములు, ఒక ప్రాజెక్టు డైరీ

ఉద్దేశం

మా ఇంట్లో మొదటిసారి ఇంటర్నెట్‌ను చూపించిన యంత్రం 66 మెగాహెర్ట్జ్ 486 డీఎక్స్2 ప్రాసెసరు ఉన్న కంప్యూటరు. దానికి 8 మెగాబైట్ల మెమరీ, విండోస్ 3.1, బయట పెట్టుకునే 28,800 బిట్ల మోడెము (కంప్యూటరు డేటాను శబ్దంగా మార్చి ఫోను లైను మీద పంపే పెట్టె) ఉండేవి. ఆ కాలం గురించి ఎవరితో మాట్లాడినా చివరికి అందరం అనేది ఒకటే: మోడెము నెమ్మది. పేజీ సగం వచ్చి ఆగిపోవడం, బొమ్మ గీతలు గీతలుగా కిందికి దిగడం, ఏమీ జరగనట్టు ఇసుక గడియారం గుర్తు తెర మీద నిలిచిపోవడం, వీటన్నిటినీ మోడెము ఖాతాలోనే వేశాము. కాగితం మీద లెక్క కడితే మాత్రం అంతా అక్కడ తేలదు. సెకనుకు 28,800 బిట్లంటే మూడు కిలోబైట్లకు పైమాటే కనుక, నలభై కిలోబైట్ల పేజీ పదిహేను సెకన్లలోపే రావాలి. నా జ్ఞాపకంలో ఉన్న నిరీక్షణ అంతకంటే చాలా పెద్దది. జ్ఞాపకం పొడిగించిందా, లేక మోడెము కాకుండా మరేదైనా అడ్డుపడిందా అని అదే యంత్రాన్ని బాగు చేసి, అదే మోడెముతో, అదే బ్రౌజరుతో కొలిచి చూడాలన్నది ఈ ప్రాజెక్టు.

పెట్టె విప్పడం

అటక మీద నుంచి దించిన పెట్టెకు కరెంటు ఇవ్వకముందే మూత విప్పాను. ఈ తరం మదర్‌బోర్డుల మీద తేదీని, డిస్క్ వివరాలను నిలిపి ఉంచడానికి చిన్న పీపా ఆకారంలో 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ ఒకటి టంకంతో అతికించి ఉంటుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే అది కారుతుంది. కారేది ఆమ్లం కాదు, క్షారం. అందుకే ముందు బ్యాటరీని కత్తిరించి తీసి, ఆకుపచ్చ పాచి పట్టిన చోట దూదిపుల్లతో వినెగర్ అద్ది, పొంగు ఆగిన తరువాత నీటితోనూ, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ శుభ్రం చేశాను. పైపూత లేచిపోయిన చోట రాగి గీతలను మల్టీమీటరుతో ఒక్కొక్కటిగా తడిమితే, కీబోర్డు కంట్రోలరు వైపు పోయే గీతలు కొన్ని తెగిపోయి ఉన్నాయి. వాటి మీదుగా సన్నని తీగను టంకం వేశాను. కొత్త బ్యాటరీని బోర్డుకు దూరంగా, మూడు మామూలు సెల్లుల పెట్టెగా అమర్చాను. బోర్డు పాత బ్యాటరీని ఛార్జి చేసేలా తయారైంది కాబట్టి, రీఛార్జి కాని సెల్లులు పెట్టేటప్పుడు మధ్యలో డయోడు తప్పనిసరి.

విద్యుత్ సరఫరా పెట్టెను మదర్‌బోర్డుకు కలిపే పీ8, పీ9 కనెక్టర్లు ఒకేలా ఉంటాయి, తారుమారుగా కూడా దూరతాయి. రెండు కనెక్టర్ల నల్లతీగలూ మధ్యలో పక్కపక్కన ఉండాలన్న నియమం ఆ కాలపు మెకానిక్కులందరికీ నోటికి వచ్చు. బోర్డుకు తగిలించే ముందు ఒక పాత డిస్కును విద్యుత్ భారంగా (లోడుగా) తగిలించి వోల్టేజీలు కొలిచాను. 5, 12 వోల్టులు నిలకడగానే ఉన్నాయి.

మీట నొక్కగానే మెమరీ అంకెలు టిక్కుటిక్కుమంటూ పెరగడం మొదలైంది. ఆ లెక్కింపును మధ్యలో ఎస్కేప్ నొక్కి దాటవేయవచ్చని తెలిసినా, చిన్నప్పుడు నేను ఎప్పుడూ దాటవేసేవాణ్ణి కాదు. యంత్రం తన ఆస్తిని తానే లెక్కపెట్టుకుంటున్నట్టు అనిపించేది.

డిస్కు

పాత హార్డ్ డిస్కు తిరుగుతోంది, చదువుతోంది. అయితే దాన్ని ఈనాటి యూఎస్‌బీ అడాప్టరుకు తగిలిస్తే గుర్తుపట్టలేదు. సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల భాష మాత్రమే తెలిసిన డిస్కులతో ఆ అడాప్టర్లలో చాలావాటికి మాట కలవదు. పాత డిస్కులకు సరిపడే ఐడీఈ సాకెట్ ఉన్న నడివయసు డెస్క్‌టాప్ ఒకటి అరువు తెచ్చి, లినక్స్‌తో డిస్కు మొత్తానికి నకలు తీసి పెట్టుకున్నాను. నడపడానికి మాత్రం కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డును ఐడీఈ అడాప్టరులో పెట్టి వాడుతున్నాను. ఈ బయోస్ (యంత్రాన్ని మేల్కొలిపే మూల ప్రోగ్రాము) 1,024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు దాటి చూడలేదు. ఒక్కో సెక్టారుకు 512 బైట్ల చొప్పున అది 528 మిలియన్ బైట్లు. అంతకంటే పెద్ద కార్డు పెట్టినా మిగిలిన జాగా వృథా. విండోస్ 3.1 కు అది ధారాళంగా సరిపోతుంది.

డిస్కు మార్చడం కొలతను కొంత మారుస్తుందని తెలుసు. కార్డు పాత డిస్కు కంటే చురుకైనది. అందుకని ముఖ్యమైన కొలతలన్నీ అయ్యాక, పాత డిస్కును కూడా తగిలించి మరోసారి తీసుకున్నాను. ఆ సంగతి తరువాత వస్తుంది.

లైను

ఇంటికి వచ్చే టెలిఫోను లైను లేదు, అవతలి వైపు సర్వీస్ ప్రొవైడరు లేడు. రెండూ బల్ల మీదే తయారు కావాలి. అవతలి పాత్రకు అరచేతిలో పట్టే లినక్స్ కంప్యూటరు ఒకటి, దానికి రెండో మోడెము. ఫోను వస్తే ఎత్తడానికి ఎంగెట్టీ, ఎత్తాక ఇంటర్నెట్ పొట్లాలు (డేటాను చిన్న ముక్కలుగా కట్టిన ప్యాకెట్లు) నడపడానికి పీపీపీడీ అనే ప్రోగ్రాములు పెట్టాను.

రెండు మోడెముల మధ్య మొదట పెట్టింది అతి సులువైన ఏర్పాటు: ఫోను తీగ, ఒక 9 వోల్టుల బ్యాటరీ, ప్రవాహాన్ని అదుపు చేయడానికి కొన్ని వందల ఓమ్‌ల రెసిస్టరు. అసలు ఎక్స్‌ఛేంజీ 48 వోల్టుల దాకా ఇస్తుంది కానీ, మోడెముకు కావలసింది రిసీవరు ఎత్తినట్టు తోచే ప్రవాహమే. ఈ తీగలో డయల్ టోను ఉండదు, గంటా మోగదు. అందువల్ల టోను కోసం ఎదురుచూడవద్దని ఒక మోడెముకు ఏటీఎక్స్3 తో చెప్పి డయల్ చేయించాలి, రెండోదానికి ఏటీఏ అని చేతితో కొట్టి ఎత్తించాలి. 1981 నాటి హేస్ స్మార్ట్‌మోడెముతో వాడుకలోకి వచ్చిన ఈ ఏటీ ఆదేశాలు ఇన్నేళ్ల తరువాత కూడా వేళ్లకు గుర్తున్నాయి. ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కగానే ఓకే అని రావడం, కంప్యూటరు కాని ఒక పెట్టెతో నేను జరిపిన మొట్టమొదటి సంభాషణ.

తరువాత రెండు ఫోను సాకెట్లున్న వీఓఐపీ (ఇంటర్నెట్ ద్వారా ఫోను) అడాప్టరు పెట్టి, ఒక సాకెట్ నుంచి రెండోదానికి కాల్ చేసే పద్ధతికి మారాను. ఇందులో డయల్ టోను, గంట అన్నీ నిజంగానే ఉంటాయి. అయితే దీన్ని మనుషుల మాటల కోసం తయారు చేశారు. నిశ్శబ్దాన్ని పంపకుండా మిగిల్చే ఏర్పాటును, ప్రతిధ్వనిని తుడిచే ఏర్పాటును ఆపేసి, శబ్దాన్ని అంకెలుగా మార్చే జీ.711 కోడెక్‌ను మాత్రమే ఉంచితే గానీ మోడెములు కలవలేదు. మాటను బాగా కుదించే కోడెక్‌లు చెవిని మోసగించగలవు కానీ మోడెమును మోసగించలేవు. అన్నీ సరిచేశాక కూడా బ్యాటరీ తీగ మీద ఉన్నంత నిలకడ రాలేదు. కనుక గంట మోగాలన్న ముచ్చట తీరాక, కొలతల కోసం మళ్లీ బ్యాటరీకే వచ్చాను.

56కే (సెకనుకు 56,000 బిట్ల) మోడెమును ఎందుకు వాడలేదని అడిగేవాళ్లు ఉంటారు. వీ.90 ప్రమాణంలోని ఆ వేగం రావాలంటే ప్రొవైడరు వైపు టెలిఫోను వ్యవస్థకు నేరుగా డిజిటల్ సంబంధం ఉండాలి. రెండు అనలాగ్ మోడెములు ఎదురెదురుగా నిలబడితే 33,600 దగ్గరే పైకప్పు తగులుతుంది. నాకు కావలసిన 28,800 దానికి లోపలే ఉంది.

శబ్దం

స్పీకరు తెరిచి ఉంచి, కలిసే చప్పుడును రికార్డు చేసి, పౌనఃపున్యాల పటంగా చూశాను. అప్పట్లో ఈ అరుపులో ఏ భాగం తరువాత ఏది వస్తుందో కంఠస్థమే. అర్థం మాత్రం ఎవరూ చెప్పలేదు. అంకెల టోనులు అయ్యాక వినిపించే నిలకడైన కూత 2,100 హెర్ట్జ్‌ది. ఫోను దారిలో ప్రతిధ్వనిని అణచే యంత్రాలను పక్కకు తప్పుకొమ్మని చెప్పడం దాని పని, అందుకోసమే అది 450 మిల్లీసెకన్లకు ఒకసారి తన దశను తిరగేస్తుంది. ఆ తరువాతి గరగర, నీకు ఏ పద్ధతులు వచ్చు, నాకు ఏవి వచ్చు అని రెండు మోడెములూ 300 బిట్ల పాత వేగంతో పంచుకునే జాబితా. దాని వెనుక వచ్చే అనేక శ్రుతుల మోత, 150 హెర్ట్జ్ ఎడంతో ఒకేసారి పలికే టోనుల గుంపు. లైను ఏ పౌనఃపున్యాన్ని ఎంత మింగుతోందో అవతలి మోడెము దానితో కొలుచుకుంటుంది. చివరి బుసబుస రెండువైపులా తమ తమ వడపోతలను సర్దుకునే శిక్షణ. ఇదంతా సద్దుమణిగి స్పీకరు మూగబోతే కలిసినట్టే.

486 కన్నా ముందు మా ఇంట్లో టీవీకి తగిలించే 48 కిలోబైట్ల జెడ్80 యంత్రం ఉండేది. దానిలోకి ఆటలు క్యాసెట్ నుంచి ఎక్కేవి, ఎక్కేటప్పుడు ఇలాంటి కీచుమోతే వినిపించేది. అది పోలిక మాత్రమే కాదు. 1975 లో ఇంటి కంప్యూటర్ల క్యాసెట్ల కోసం కుదిరిన కాన్సాస్ సిటీ పద్ధతిలో 1 అంటే 2,400 హెర్ట్జ్, 0 అంటే 1,200 హెర్ట్జ్. రెండు శ్రుతులతో రెండు విలువలను చెప్పే ఈ ఉపాయం 300 బిట్ల మోడెములది కూడా.

ఫోను ఎత్తితే ఏమవుతుంది

కొలతల మధ్యలో ఒక చిన్న పక్కదారి. నేను ఇంటర్నెట్‌లో ఉండగా అమ్మ వంటింట్లోని రిసీవరు ఎత్తితే అంతా తెగిపోయేది, అప్పుడు మాటా మాటా పెరిగేది. ఇప్పుడు తీగకు ఒక మామూలు ఫోనును సమాంతరంగా కలిపి, డౌన్‌లోడు నడుస్తుండగా ఎత్తి చూశాను. అన్నిసార్లూ తెగలేదు. వెంటనే పెట్టేస్తే రెండు మోడెములూ మళ్లీ శిక్షణ జరుపుకుని, కొన్ని సెకన్ల మౌనం తరువాత వదిలిన చోటు నుంచే కొనసాగాయి. అవతలి మోడెము సంకేతం (క్యారియరు) పోయాక ఎంతసేపు ఓపిక పట్టాలో చెప్పే ఎస్10 రిజిస్టరులో ఫ్యాక్టరీ విలువ 14, అంటే 1.4 సెకన్లు. దాన్ని పెద్దది చేస్తే రిసీవరు ఎత్తి హలో అని రెండు మూడుసార్లు అన్నా కనెక్షను నిలిచింది. ఈ ఒక్క అంకె అప్పుడు తెలిసి ఉంటే మా ఇంట్లో సగం తగవులు తగ్గేవి.

ముందుగా టెర్మినల్

ఇంటర్నెట్ పొట్లాల జోలికి పోకముందే, ఫోను చేసి చేరే బులెటిన్ బోర్డుల కాలంలో చేసినట్టు, టెర్మినల్ ప్రోగ్రాముతో నేరుగా లినక్స్‌లోకి లాగిన్ అయి ఒక ఫైలు తెచ్చుకున్నాను. మొదటి ఆశ్చర్యం ఇక్కడే ఎదురైంది. విండోస్ 3.1 తో వచ్చే టెర్మినల్‌లో ఉన్న ఎక్స్‌మోడెమ్ పద్ధతితో సెకనుకు అయిదారు వందల బైట్లు మాత్రమే వచ్చాయి. డాస్‌లో జెడ్‌మోడెమ్ ఉన్న మరో ప్రోగ్రాము పెడితే, అదే లైను మీద, అదే ఫైలు మూడు వేలకు పైగా బైట్ల వేగంతో దిగింది.

కారణం సులువైనదే. 1977 లో వార్డ్ క్రిస్టెన్సన్ రాసిన ఎక్స్‌మోడెమ్ 128 బైట్ల ముక్క పంపి, అందిందన్న జవాబు వచ్చేదాకా ఆగుతుంది. ఒక బిందె అందించి, ఖాళీ బిందె తిరిగి వచ్చేవరకు చేతులు కట్టుకుని నిలబడటం లాంటిది ఇది. ముక్క లైను మీద ప్రయాణించేది నలభై మిల్లీసెకన్లలోపు. కానీ తప్పులు దిద్దే వీ.42 పద్ధతి, మోడెము లోపలి నిల్వలు, సంకేతాన్ని మలిచే లెక్కలు అన్నీ కలిసి, రానూ పోనూ ప్రయాణాన్ని రెండు వందల మిల్లీసెకన్ల దాకా చేస్తాయి. అంటే లైను అయిదు వంతుల్లో నాలుగు వంతుల కాలం ఖాళీగానే ఉంది. జెడ్‌మోడెమ్ అలా ఆగదు, ముక్కలను వరుసగా పంపుతూనే ఉంటుంది. కొత్త మోడెము కొన్నప్పుడు డౌన్‌లోడులు పెట్టె మీద రాసినంతగా ఎందుకు పెరగలేదో, అప్పటి నా ఆక్రోశానికి సమాధానం ఇక్కడ సగం దొరికింది. వేగం పెరిగింది, నిరీక్షణ మాత్రం తగ్గలేదు.

విన్‌సాక్, ఒక బైటు చిప్పు

విండోస్ 3.1 కు ఇంటర్నెట్ భాష అయిన టీసీపీ-ఐపీ తెలియదు. దాన్ని చాలామంది ఆస్ట్రేలియాలోని టాస్మానియాకు చెందిన పీటర్ టాటమ్ రాసిన ట్రంపెట్ విన్‌సాక్‌తో నేర్పించేవారు. నా పాత డిస్కు నకలులో దాని సెట్టింగులు, లాగిన్ స్క్రిప్టు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఫోను నంబరు, పాస్‌వర్డు మార్చి, ఫోను లైను మీద పొట్లాలు నడిపే పీపీపీ పద్ధతిని ఎంచుకోగానే అవతలి యంత్రం ఒక చిరునామా ఇచ్చింది.

పేజీలు తెరవడం మొదలుపెట్టగానే, జ్ఞాపకంలో ఉన్న అదే నత్తనడక ప్రత్యక్షమైంది. కొంతసేపు మోడెము దీపాలు గబగబా వెలగడం, తరువాత రెండు మూడు సెకన్లు ఏమీ లేకపోవడం, మళ్లీ వెలగడం. లైను బాగుంది, అవతలి యంత్రం ఖాళీగా ఉంది, అయినా ప్రవాహం తెగుతోంది. అవతలి వైపు పొట్లాలను నమోదు చేసి చూస్తే, పంపినవాటిలో కొన్నింటికి జవాబే రావడం లేదు, గడువు తీరాక వాటిని మళ్లీ పంపవలసి వస్తోంది.

దోషం సీరియల్ పోర్టులో ఉంది. ఈ యంత్రంలోని కార్డు మీద ఉన్నది 16450 చిప్పు. దానిలో వచ్చిన బైటును ఉంచడానికి ఒక్క గదే ఉంది. పోర్టును 57,600 కు పెడితే బైటుకూ బైటుకూ మధ్య 174 మైక్రోసెకన్లు. ప్రాసెసరు అంతలోగా వచ్చి ఆ బైటును తీసుకోకపోతే, తరువాతది వచ్చి దాని మీద పడుతుంది. డాస్‌లో ఆ గడువు అందుతుంది, జెడ్‌మోడెమ్ సాఫీగా నడిచింది అందుకే. విండోస్‌లో తెర గీయడం, డిస్కు చదవడం, ఒక ప్రోగ్రాము నుంచి మరోదానికి మారడం జరుగుతున్నప్పుడు అందదు. అన్నిటికంటే చిక్కు ఏమిటంటే, మోడెములు ఎంతో శ్రద్ధగా చేసే తప్పుల దిద్దుబాటు మోడెము నుంచి మోడెము వరకే. ఈ బైటు పోయేది మోడెము దాటాక, ఆ జానెడు సీరియల్ కేబులు చివర. ఒక్క బైటు పోతే పీపీపీ తనిఖీ మొత్తం పొట్లాన్ని పారేస్తుంది, టీసీపీ సెకన్లకొద్దీ ఆగి మళ్లీ పంపుతుంది.

దీన్ని రుజువు చేయడానికి పోర్టు వేగాన్ని తగ్గించుకుంటూ వచ్చాను. 38,400 వద్ద పరిస్థితి కొంత మెరుగైంది. 19,200 వద్ద, అంటే లైను వేగం కన్నా తక్కువ వేగంలో, ఆగిపోవడాలు దాదాపు మాయమై, పేజీ 57,600 లో కంటే త్వరగా వచ్చింది. పాత హార్డ్ డిస్కును తిరిగి తగిలించి చూస్తే 38,400 కూడా నమ్మదగినది కాకుండా పోయింది. డిస్కు పని ఎక్కువయ్యేకొద్దీ బైట్లు ఎక్కువ రాలాయి. అప్పట్లో మోడెముతో పాటు వచ్చిన కాగితాలు పోర్టును వీలైనంత ఎక్కువ వేగంలో పెట్టమనే చెప్పేవి. మోడెము కుదింపు చేస్తుంది కనుక ఆ సలహాలో న్యాయం ఉంది, కానీ అది మంచి చిప్పు ఉన్నవాళ్లకు.

మంచి చిప్పు అంటే 16550ఏ. దానిలో పదహారు బైట్ల వరుస ఉంటుంది. ఆ చిప్పు ఉన్న సీరియల్ కార్డు వేసి, విండోస్ సొంత డ్రైవరు స్థానంలో ఆ వరుసను పూర్తిగా వాడుకునే డ్రైవరు పెట్టాక, పోర్టు 57,600 లో ఉన్నా పొట్లాలు పోలేదు. అదే మోడెము, అదే తీగ. నలభై కిలోబైట్ల అక్షరాల పేజీ, కుదింపు కూడా కలిసిరావడంతో, కాగితం లెక్క కంటే ముందే వచ్చేసింది. ఈ ప్రాజెక్టులో నాకు అత్యంత సంతృప్తినిచ్చిన సాయంత్రం ఇదే. దానితో పాటు ఒక చిన్న కోపం కూడా కలిగింది: అప్పుడు కొత్త మోడెము కోసం ఇంట్లో పోరు పెట్టిన బదులు, ఒక సీరియల్ కార్డు అడిగి ఉంటే చాలునన్నమాట.

పేజీలు, బొమ్మలు

నెట్‌స్కేప్ నావిగేటరు అనే ఆ కాలపు బ్రౌజరుతో ఈనాటి సైట్లు నేరుగా తెరుచుకోవు. ఇప్పటి టీఎల్ఎస్ రహస్య లిపి దానికి తెలియదు. లినక్స్ వైపు ఒక ప్రాక్సీ (మధ్యవర్తి ప్రోగ్రాము) పెట్టి, బయటితో కొత్త భాషలోనూ లోపలికి సాదా హెచ్‌టీటీపీలోనూ మాట్లాడేలా చేశాను. తెలుగు పేజీల కోసం మరో ప్రాక్సీ, పేజీ మొత్తాన్ని బొమ్మగా గీసి జీఐఎఫ్‌గా పంపేది, పెట్టవలసి వచ్చింది. ఈ విండోస్‌కు యూనికోడ్ తెలుగు అక్షరాలను చూపే దారి లేదు. కొలతలకు మాత్రం ఆ కాలపు పద్ధతిలో నేనే రాసిన పేజీలను వాడాను: ఒకటి అక్షరాలు మాత్రమే, ఒకటి నిండా చిన్న చిన్న బొమ్మ గుర్తులు, ఒకటి పెద్ద జేపెగ్ ఫోటో.

చిన్న గుర్తుల పేజీలో బైట్లు తక్కువే, కాలం మాత్రం ఎక్కువ. ఒక్కో ఫైలుకు ఒక్కో కొత్త కనెక్షను తెరిచే పాత పద్ధతిలో, కనెక్షను కుదరడానికి ఒక రానుపోను, అడిగి తెచ్చుకోవడానికి మరొకటి, అంటే దగ్గర దగ్గర అర సెకను ప్రతి గుర్తుకూ పోతుంది. నెట్‌స్కేప్ ఒకేసారి నాలుగు కనెక్షన్లు తెరిచేది ఈ నష్టాన్ని పూడ్చుకోవడానికే. తెరిచిన కనెక్షనును అలాగే ఉంచుకోవడం 1997 లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 తో గానీ సాధారణ నియమం కాలేదు.

ఫోటో పేజీని మోడెము లేకుండా, డిస్కు నుంచే తెరిచి చూశాను. అప్పుడు కూడా ఫోటో పూర్తిగా కనిపించడానికి ఓపిక పట్టవలసి వచ్చింది. జేపెగ్‌ను విప్పి, 256 రంగుల తెరకు సరిపడేలా చుక్కలుగా సర్దడం ఈ ప్రాసెసరుకు తేలిక పని కాదు. మెమరీ నిండి విండోస్ డిస్కు మీదికి ఎత్తిపోయడం మొదలుపెడితే మరింత ఆలస్యం. అయితే ఇక్కడ మోడెముకు అన్యాయం చేయకూడదు. పెద్ద ఫోటో విషయంలో ఎక్కువ భాగం దానిదే, లక్ష బైట్లకు అర నిమిషం లైను మీదనే గడుస్తుంది. బొమ్మలు తమంతట తాము రాకుండా ఆప్షన్స్ మెనూలో ఆపేసి, కావలసినదాన్ని మాత్రమే నొక్కి తెప్పించుకునే అప్పటి మా అలవాటు ఈ కొలతలతో పూర్తిగా సమర్థనీయమని తేలింది.

మిగిలిన పని

పొట్లం పరిమాణాన్ని 1,500 నుంచి 576 కు తగ్గించి, ఒకవైపు డౌన్‌లోడు నడుస్తుండగా మరోవైపు దూరపు యంత్రంలో పనిచేయించే టెల్నెట్‌లో అక్షరాలు కొడితే ఎంత తేడా ఉంటుందో కొలవాలి. 28,800 మీద పెద్ద పొట్లం దాటడానికే నాలుగు వందల మిల్లీసెకన్లకు పైగా పడుతుంది కాబట్టి తేడా తెలియాలి. మానిటరు చిత్రం వేడెక్కాక అంచుల్లో కుంచించుకుంటోంది. కెపాసిటర్లు మార్చాలి గానీ, పిక్చర్ ట్యూబులో మిగిలి ఉండే అధిక వోల్టేజీ కారణంగా ఆ పనిని అనుభవం ఉన్న టెక్నీషియను పక్కన ఉన్నప్పుడే చేస్తాను. 16450 కార్డును పారేయలేదు. అదే ప్రయోగాన్ని విండోస్ 95 కింద మళ్లీ చేయడానికి దాన్ని విడిగా పెట్టాను.